పెదాలు చూసి వినే అమ్మాయి

లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మా ఫ్లాట్‌లోని రెండో గదిలోకి ఒక వరంగల్ అమ్మాయి వచ్చింది. మాస్టర్స్ చదువు. నేను అప్పటికే ఉద్యోగం చేస్తున్నాను. వచ్చిన రోజే వంటింట్లో నన్ను కిటికీకి ఎదురుగా కూర్చోమంది.

"మీ మొఖం మీద వెలుగు పడాలె అక్కా. నాకు సరిగ్గ వినిపియ్యదు. పెదాలు చూసి అర్థం చేసుకుంట" అంటూ జుట్టు పక్కకు తీసి, చెవి వెనకున్న మిషన్ చూపించింది. దాంతో చప్పుడు తెలుస్తుంది గానీ మాట విడిగా తెలియదట.

తెలుగు పెదాలు తనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంగ్లిష్ పెదాలే కొత్త. పొద్దున్నే టీ తాగుతూ టీవీలో వార్తలు పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి, చదివేవాళ్ల నోటి వంకే చూస్తూ కూర్చునేది. కింద అక్షరాలు కూడా రానిచ్చేది కాదు. ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేసేది.

ఒక ఆదివారం నగరానికి ఇంకో వైపున్న క్రోయిడన్‌లో మాకు తెలిసిన డాక్టర్ అంకుల్, ఆంటీ భోజనానికి పిలిచారు. గోదావరి వైపు వాళ్లు. మాతో పాటు ఇంకొందరు స్టూడెంట్లు కూడా వచ్చారు. ఆంటీ చేసిన గుత్తివంకాయ తిన్నంతసేపూ బాగానే గడిచింది. ప్లేట్లు తీసేశాక ఒక్కొక్కరి చేతిలోకీ ఫోన్ వచ్చింది. మాటలు ఆగలేదు, నవ్వులు ఆగలేదు. తలలు మాత్రం కిందికి దిగిపోయాయి. ఆ అమ్మాయి ఒకరి వైపు నుంచి ఇంకొకరి వైపు చూస్తోంది. అందరూ నవ్వాక, కాస్త ఆలస్యంగా తనూ నవ్వింది. నాకు మనసు చివుక్కుమంది.

నేనే చెబుదామనుకునేలోపు అంకుల్ ఫోన్ మీంచి కళ్లు తీయకుండానే ఆమెను అడిగారు. "కోర్సు ఎప్పుడైపోతుందమ్మా నీకు?"

ఆమె లేచి వెళ్లి, ఆయన ఎదురుగా కార్పెట్ మీద కూర్చుంది. ముఖంలో కోపం లేదు.

"అంకుల్, ఏమనుకోకుండ్రి. నేను పెదాలు చూసి మాట పట్టుకుంట. మీరు కిందికి చూస్తే నాకు ఏం తెల్వది. అందరు నవ్వుతుండ్రు, ఎందుకో నాక్కూడ తెలుసుకోవాలని ఉంది."

అంకుల్ ఫోన్‌ను సోఫా మీద బోర్లించారు.

"అయ్యో, నాకు తెలీదమ్మా. ఉండు, ఇందాక అందరూ నవ్విన సంగతి మళ్లీ మొదట్నుంచీ చెప్తాను."

కార్డిఫ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నర్సు "ఆల్‌రైట్?" అని ఊరికే పలకరిస్తే, నిజంగానే ఒంట్లో ఎలా ఉందని అడుగుతోందనుకుని ఈయన తన జలుబు సంగతంతా ఆమెకు వివరించారట. ఈసారి అందరికంటే ముందు నవ్వింది ఆ అమ్మాయే. సాయంత్రం మేం బయల్దేరేవరకూ అక్కడ ఎవరూ మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో అడిగాను. "అంతమందిలో అలా చెప్పడానికి ఇబ్బంది అనిపించలేదా?"

"ఎందుకనిపియ్యదక్కా? గుండె దడదడ కొట్టుకుంది. గని నేను ఊకుంటే వాళ్లకెట్ల తెలుస్తది?"

చదువయ్యాక ఆమెకు అంకుల్ చెప్పిన ఆ కార్డిఫ్‌లోనే ఉద్యోగం దొరికింది. మొదటి మీటింగ్‌లోనే తను పెదాలు చూసి మాట పట్టుకుంటానని ఇంగ్లిష్‌లో చెప్పానని, అందరూ ల్యాప్‌టాప్ మూతలు కూడా దించేశారని నాకు మెసేజ్ పెట్టింది. నా సొంత చెల్లెలు సాధించినంత సంబరపడి, ఆఫీసులో పక్క సీటావిడకు ఆ మెసేజ్‌ను తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి మార్చి మరీ చదివి వినిపించాను.