మూడో ముడి

నరసాపురంలో ఒక షావుకారు గారి పాత మేడలో పెళ్లి ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ పెట్టాను. పెళ్లికూతురి వేషానికి లేసు అల్లే అమ్మాయి ఒప్పుకుంది. పెళ్లికొడుకు నా స్టూడెంట్. సహజంగా ఉంటుందని నిజం పసుపుతాడే తెప్పించాను. అదే నా బుద్ధితక్కువ పని.

అతను తాడు కడుతుంటే కెమెరాలన్నీ ఒక్కసారే మోగాయి. అప్పుడే గుమ్మంలోకొచ్చిన అమ్మాయి తల్లి చేతిలోని క్యారియర్ జారిపడింది.

"మూడు ముళ్లూ వేసేశాడాండీ? ఇంక నా పిల్లకి పెళ్లెలా చెయ్యను?"

కుర్రాడు కంగారుగా ముళ్లు విప్పేసి, ఎన్ని వేశానో గుర్తులేదన్నాడు.

మేడలో ఉండే మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని, "ఆ ఫోటో ఇలా చూపించమ్మా" అన్నారు. కెమెరా ఇచ్చి, ఆవిడ భుజం మీంచి నేనూ చూశాను. మూడు ముళ్లూ స్పష్టంగా ఉన్నాయి.

"రెండేనమ్మా. పెళ్లవలేదు" అన్నారు మామ్మగారు ఆ తల్లితో, కెమెరా నా చేతికిచ్చేస్తూ.

ఆ తల్లి కింద కూలబడి ఏడ్చింది. నేను ఆ ఫోటో చెరిపేశాను, అందరిచేతా చెరిపించాను.

ఏడాది తర్వాత ఆ అమ్మాయి పెళ్లికి ఫోటోలు తియ్యడానికి నన్నే పిలిచారు. మూడో ముడి దగ్గర నా వేలు కదల్లేదు. ఆ ఆల్బమ్‌లో రెండు ముళ్లే ఉన్నాయి.