లూదియా టీచరు ఏరిన బ్యాట్లు

1978 జూన్‌లో ఆళ్లగడ్డ ఆడపిల్లల హైస్కూలుకు డ్రిల్లు టీచరుగా వచ్చిన రోజే లూదియా ఆటసామాన్ల బీరువా తీయించింది. లోపల బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు మూడున్నాయి. ఒకదాని అల్లిక తీగలు, గట్లు, తెగి వేలాడుతున్నాయి. ఒకటి అప్పడంలా వంకర తిరిగింది. మూడోదాని పిడి ఏ ఆడపిల్ల గుప్పిట్లోనూ పట్టనంత లావు. పసుపు ఊలు బంతులు మాత్రం డజను, నేల తాకకుండా కొత్తగా ఉన్నాయి.

"ఆడేదానికి పిల్లలున్నారా మేడం?" అని అడిగింది.

"ఉండారు. ఆడించినోళ్లే లేరు," అంది హెడ్మిస్ట్రెస్ ఉమామహేశ్వరమ్మ.

లూదియాకు ఆ మాట చాలు. ఆమెది నంద్యాల. తండ్రి యాకోబు వడ్రంగి. కర్నూలు కాలేజీలో చదివిన మూడేళ్లూ ఆమె జట్టులో వెనక వరసలో ఆడింది. ఆటలో తనకేం వచ్చో, ఏం రాదో ఆమెకు బాగా తెలుసు. ఎదుటివాళ్ల ఆట కూడా పది బంతులు చూస్తే చాలు, తెలిసిపోయేది.

నెల తిరిగేసరికి అయిదుగురిని ఏరింది. అందరిలో పొడుగు జయలక్ష్మి. పక్క ఊళ్లో తరాలుగా భూములున్న నారాయణ కూతురు. అందరిలో పొట్టి బాలమ్మ. తల్లి సువార్తమ్మ కూలికి పోతుంది. సెలవు దొరికితే బాలమ్మా ఆమె వెంట చేలకు పోయేది. ఇప్పుడు కావాల్సింది బ్యాట్లు. కొత్తవి కొనే స్తోమత స్కూలుకు లేదు. నంద్యాలలో ఒక ఆఫీసర్ల క్లబ్బు కొత్తవి తెప్పించుకుని పాతవి అమ్మేస్తోందని తెలిసి, శనివారం బస్సెక్కింది. చేతిసంచిలో అయిదు దారాలు. ఒక్కో పిల్ల గుప్పిట కొలిచి, ఎవరిది ఏదో గుర్తు కోసం ముళ్లు వేసుకుంది.

క్లబ్బు సెక్రటరీ కరుణాకర్ బ్యాంకు ఉద్యోగి. పద్నాలుగు బ్యాట్లు బల్ల మీద పరిచి, వాటిలో ఎర్రగా మెరిసేదాన్ని ముందుకు తోశాడు.

"దీంతో మావాడు హైదరాబాదులో కప్పు కొట్టినాడు మేడం. కండ్లు మూసుకుని తీసుకోండి."

లూదియా కళ్లు మూయలేదు. ఒక కన్ను మాత్రం మూసి, నాన్న పలకను చూసే తీరుగా ఫ్రేము అంచు వెంట చూసింది. వంకర లేదు. గోటితో గట్లు మీటింది. ఖంగుమన్నాయి. గోడకేసి నాలుగు బంతులు కొట్టి, బ్యాట్ తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"శానా మంచి బ్యాట్. మాకొద్దన్నా."

"మంచిదంటారు, వద్దంటారు! ఏందిది?"

"బంతిని బ్యాట్ నడుమ తగిలించేదే మా పిల్లోళ్లు ఇంకా నేర్చుకుంటాండారు. దీని గట్టింగ్ శానా బిగువు, తలబరువు జాస్తి. నడిమధ్యన తగిల్తే తుపాకి గుండే. వేలెడు పక్కకు పోతే నెట్ కూడా దాటదు, మోచెయ్యి లాగుతాది. మాకు కొంచెం వదులువి కావాల. తప్పు కొట్టినా బంతిని అవతలికి పంపేటివి."

తర్వాత తీరిగ్గా ఏరింది. రంగు పోయినవి, పిడికి నల్లటేపు చుట్టినవి, ఎవరూ కన్నెత్తి చూడనివి. ఒక్కోదాన్ని వేలి మీద నిలబెట్టి బరువు ఎటు మొగ్గుతుందో చూసింది. పిడి చుట్టూ దారం చుట్టి కొలిచింది. చెక్క చీలినవి రెండు పక్కన పడేసింది. ముందు వరసలో ఆడే బాలమ్మకు అన్నిటికన్నా తేలికది తీసుకుంది.

సోమవారం జయలక్ష్మి తనకిచ్చిన బ్యాట్ చూసి మొహం మాడ్చుకుంది. మూడో రోజు నారాయణ మోటార్ సైకిల్ మీద మైదానంలోకే వచ్చాడు. చేతిలో క్లబ్బులో లూదియా వద్దన్న ఎర్ర బ్యాటే.

"మా పాపకు టేపు చుట్టిన బ్యాటా టీచరమ్మా? నంద్యాల పోయి ఇది తెచ్చినా. దీంతో ఆడించు."

"ఆడనియ్యన్నా, నేనొద్దనను. పది దినాలైనాక ఎట్లుందో నీ కూతుర్నే అడుగు."

లూదియా ఆమెను ఆ బ్యాట్‌తోనే ఆడించింది. జయలక్ష్మి బంతులు నెట్‌కు తగిలి రాలేవి, లేకపోతే గీత దాటిపోయేవి. ఎనిమిదో రోజు మోచెయ్యి పట్టుకుని, బ్యాట్ గడ్డి మీద పెట్టి కూర్చుంది. అంతలో ఒక బంతి అటు వచ్చింది. దగ్గర్లో ఉన్న బాలమ్మ చేతికందిన ఎర్ర బ్యాట్ తీసి కొట్టింది. బంతి నెట్ మీంచి దూసుకుపోయి వెనక గీత మీద పడింది.

"ఇంకోటి కొట్టు," అంది లూదియా.

వరసగా ఆరు కొట్టింది. ఆరూ అక్కడే పడ్డాయి. లూదియా దగ్గరికి పోయి బాలమ్మ చెయ్యి పట్టి చూసింది. నల్లరేగడిలో పత్తికట్టె పీకిన చెయ్యి. మణికట్టు ఇనుపకడ్డీ.

"తప్పు నాది బాలమ్మా. నీ ఎత్తు చూసి తేలికది ఇచ్చినా. నీ చెయ్యి చూడలే."

"అయితే ఇది నాకా టీచర్?" అంది బాలమ్మ. వెంటనే జయలక్ష్మి వైపు చూసి తల వంచుకుంది.

జయలక్ష్మికీ ఇచ్చేయాలనే ఉంది. "మా నాయన ఒప్పుకోడు టీచర్," అంది మెల్లగా. ఆ సాయంత్రం లూదియా జయలక్ష్మి వాళ్ల ఊరికి పోయి, నారాయణ ఇంటి అరుగు ముందు నిలబడింది. కూలి మనిషి బిడ్డకు తన కూతురి బ్యాట్ ఇమ్మని అడగడమంటే మాటలు కాదు. అయినా గొంతు తగ్గించలేదు.

"రేపొచ్చి నీ కండ్లతో చూడన్నా. నీ కూతుర్ని రెండు బ్యాట్లతో పదేసి కొట్టమందాం. అంతే."

నారాయణ వచ్చాడు. ఎర్రదానితో జయలక్ష్మి మూడు దాటించింది. టేపు చుట్టినదానితో ఎనిమిది. ఆ తర్వాత బాలమ్మ కొట్టినవి చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"ఆ పాపకే ఇయ్యి టీచరమ్మా. మా పాప గెలిస్తే సాలు," అని బండెక్కాడు.

బాలమ్మను వెనక వరసకు మార్చింది లూదియా. అక్టోబరులో నంద్యాలలో జరిగిన పోటీల్లో ఆళ్లగడ్డ పిల్లలు కోయిలకుంట్లను, పాములపాడును ఓడించారు. ఫైనల్లో నంద్యాల జట్టు చేతిలో మూడో ఆటలో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. పిల్లలు ఏడ్చారు. లూదియా ఏడవలేదు.

"ఏడుస్తాండారేంది? మూడంటే మూడు పాయింట్లు. ఈ ఏడాదిలో సంపాదిస్తాం," అంది బస్సులో.

ఆ ఏడాదిలో పిల్లల ఆట మారింది. ఆటతో పాటు లూదియా బ్యాట్లూ మార్చింది. జయలక్ష్మి దెబ్బ నడిమధ్యన తగలడం మొదలయ్యాక ఆమె బ్యాట్ గట్లు తనే కొంచెం బిగించింది. ఆర్నెల్లకు మరికొంచెం. మరుసటి అక్టోబరులో అదే నంద్యాల జట్టు మీద రెండు ఆటల్లోనే గెలిచారు. చివరి పాయింటు జయలక్ష్మిది. మైదానం గట్టు మీద కూర్చున్న నారాయణ కండువా గాల్లోకి విసిరాడు.

తర్వాత్తర్వాత కొత్తపల్లె నుంచీ, కోయిలకుంట్ల నుంచీ జనం పాత బ్యాట్లు సంచుల్లో వేసుకుని లూదియా దగ్గరికి రావడం అలవాటైంది. ఏది మంచిదో చెప్పమంటే చెప్పేది కాదు. "ముందు పది కొట్టు, చూస్తా," అనేది.

1985లో ఒకనాడు ఆస్పత్రి నర్సు జానకమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి.

"నాకు ఆట రాదు టీచరమ్మా. ఈ వయసులో వస్తాదో రాదో. అడిగేదానికే సిగ్గయితాంది."

"రాదని నీకు తెలుసు గదక్కా, సగం పని అయిపోయింది," అంటూ లూదియా పాత బ్యాట్ల కుప్పలోంచి ఒకటి లాగి ఆమె చేతిలో పెట్టి, బంతి తీసుకుని నెట్ అవతలికి నడిచింది.