ఆరో వరుసకు చేరని లోడు

యోర్దంక పిడికెడు బురద తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మురుగు కంపు ఆమెకు కొత్త కాదు. పట్టణం నుంచి వచ్చే మురుగు బురదనీ, హోటళ్ల ఎంగిలినీ, కూరగాయల తొక్కల్నీ కలిపి ఎరువు చేయడమే పదకొండేళ్లుగా ఆమె పని. అంతకు ముందు బడిలో వంటమనిషి. పాలు విరిగాయో లేదో మూత తీయకుండానే చెప్పేది. ఈ బురదలో మాత్రం తోలుకు పూసే రంగు లాంటి ఘాటు తగిలింది.

"దింపకు," అంది.

లారీ నడిపేది ఆమె చెల్లెలి మొగుడు ప్లామెన్. కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. "ఏంటొదినా, మురుగులో గులాబీ అత్తరు వాసన రావాలా నీకు?"

"వేళాకోళం కాదయ్యా. ఇందులో ఏదో కలిసింది."

ప్లామెన్ నవ్వు ఆగిపోయింది. "అక్కడ మురుగు శుద్ధి చేసే చోట బురద గొయ్యి నిండిపోయిందొదినా. సాయంత్రం వానంటున్నారు. పొంగిందంటే సరాసరి నదిలోకే. లోడు వెనక్కి తీసుకెళ్తే నన్నింక బండెక్కనివ్వరు."

 యోర్దంకకు ఏడేళ్ల కిందట ఇలాంటి అనుమానమే వస్తే నోరు మూసుకుంది. ఆ ఎరువు వేసిన మిరప నారు వారంలో మాడిపోయింది. రైతు భార్య ఆ నారు ట్రే తెచ్చి యోర్దంక బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

యార్డు చూసే ఇంజనీరు హరలాంపి సంగతి విని గబగబా వచ్చాడు. ఎరువు కుప్పల్లో ఆరో వరుసలో ఆసుపత్రి వంటింటి వ్యర్థం, గడ్డి పరిచి రెండు రోజులైంది. బురద కోసమే ఆగారు.

"నమూనా పరీక్షకు పంపుదాం. ఫలితం రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు ఆరో వరుస మీద పోయించు."

"పోశాక మళ్లీ ఏరి తీయగలమా ఇంజనీరు గారూ? పాత షెడ్డులో విడిగా పోద్దాం."

"షెడ్డులో కొత్త జల్లెడ యంత్రం ఉంది. నీ ముక్కు మాట విని దాన్ని వానలో తడపమంటావా?"

 యోర్దంక ఎరువు తిరగేసే తన లోడరు బండి ఎక్కి, దాన్ని ఆరో వరుసకు అడ్డంగా తెచ్చి నిలిపింది. తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.  కిందికి చూడలేదు.

"బండి తియ్యి. లేకపోతే రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

"రానులెండి. ఇది మాత్రం అందులో కలవడానికి వీల్లేదు."

మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ముగ్గురిలో ఎవరూ కదలలేదు. చివరికి ప్లామెన్ లారీ దిగి, కుడి చేతి తొడుగు మెల్లగా లాగాడు. వేళ్ల నుంచి మణికట్టు దాకా ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి ఉంది.

"పొద్దున వెనక తలుపు ఇరుక్కుంటే బురద చేత్తోనే గోకి తీశాను. ఎంత కడిగినా మంట తగ్గట్లేదు. చెబితే బండి ఆపేస్తారని..."

"నీకేమైనా బుద్ధుందా! ఇంతసేపూ దాచుకుని నుంచున్నావా?" యోర్దంక లోడరు మీంచి దూకినంత పని చేసింది.

హరలాంపి ఆ చేతిని వంగి చూశాడు. "యంత్రం బయటికి లాగి టార్పాలిన్ కప్పండి," అన్నాడు. లోడు షెడ్డులో పడేసరికి వాన మొదలైంది.

ఆ తర్వాతి నాలుగు రోజులూ ఇంజనీరు ఆమె ముఖం చూడలేదు. బురద అందక కుళ్లిపోతున్న ఆరో వరుసలో రంపపు పొట్టూ పాత ఎరువూ కలిపి ఎలాగో నిలబెట్టింది. చెల్లెలు ఫోను చేసి, "నీ పంతానికి మా ఆయన ఉద్యోగమే దొరికిందా అక్కా?" అని పెట్టేసింది. నిజంగానే తన ముక్కు మోసం చేసి ఉంటే? 

అయిదో రోజు కాగితం వచ్చింది. క్రోమియం ఉండాల్సిన దానికి తొమ్మిది రెట్లు ఉంది. ఎవరో తోళ్లకు రంగేసే నీళ్లు గుట్టుగా మురుగు కాలువలోకి వదులుతున్నారట.

హరలాంపి కాగితం ఆమె చేతిలో పెట్టి, "ఆరో వరుస తిరగేశావా?" అని మాత్రం అడిగాడు.

"తిరగేస్తున్నా."

ప్లామెన్ చెయ్యి మానడానికి మూడు వారాలు పట్టింది. చేతి గాయం దాచాడని అతన్ని లారీ మీంచి తీసి పంపుల గదిలో వేశారు. చెల్లెలు టమాటాలు పండేదాకా పలకలేదు. ఒక ఆదివారం కాల్చిన మిరపకాయల గిన్నెతో తనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పెరట్లోకి రెండు బస్తాల ఎరువు కావాలి. మంచిది చూసి ఇవ్వు, నీ పంతం మాత్రం కలపకు," అంది.

యోర్దంక గిన్నె అందుకుని, లోపలికి రమ్మని పక్కకు జరిగింది.