పెదవి కింద ఎర

మా టామరాక్ సరస్సు గడ్డకట్టి, దాని మీద చేపలు పట్టే గుడిసెలు లేచాక, ఒక గుడిసెలోంచి ఇంకో గుడిసెకి ముందుగా వెళ్ళే ప్రశ్న ఒకటే ఉండేది: "ఆర్డిస్ ఇవాళ ఏ రంగు వేసింది?" ఎన్ని చేపలు పడ్డాయన్నది ఆ తర్వాత సంగతి. ఆర్డిస్ లిండ్‌వాల్ బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. పొట్టిగా ఉంటుంది, ఒకరిచేత మాట పడదు. క్రాపీ చేప సంగతి ఆమెకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నేను ఎవరితోనైనా పోట్లాటకు దిగుతాను. ఆమె గుడిసె పక్కనే నా గుడిసె. నాకొచ్చిన విద్యంతా ఆ చెక్కగోడలోంచి ఆమె మాటలు విని నేర్చుకున్నదే.

క్రాపీ మహా టెక్కు చేప. చలికాలంలో దానికి ఆకలి అంతంతమాత్రం. నీళ్ళ మధ్యలో కదలకుండా నిలబడి పైకే చూస్తుంది. ఎర దాని తలకు జానెడు పైన ఉండాలి, కిందికి జారిందంటే ఇక దానికి అది లేనట్టే. జిగ్గు, అంటే సీసం తలకాయ పోసిన చిన్న గాలం, పురుగు ఈదుతున్నట్టు నీళ్ళలో అడ్డంగా నిలవాలి. చేప పడ్డ ప్రతిసారీ జిగ్గుకు కట్టిన తాడు ముడి పక్కకు జారుతుంది, మళ్ళీ దాన్ని నడిమికి తోయాలి. ఇప్పటివాళ్ళు టీవీ లాంటి పెట్టె ఒకటి తెచ్చుకుని మంచు కింద చేపల్ని చూస్తూ కూర్చుంటారు. చేప కనిపిస్తుంది, నోరు మాత్రం తెరవదు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అంత సరంజామా పెట్టుకుని చివరికి వాళ్ళూ ఆర్డిస్ తలుపే తట్టేవాళ్ళు.

ఆమె జిగ్గులు కొనేది తక్కువ. సీసపు తలకాయలకు గోళ్ళరంగు తానే వేసుకునేది. ఆమె చేతి గోళ్ళకు రంగు ఉండగా నేనెప్పుడూ చూడలేదు కానీ, వంటింటి కిటికీలో సీసాలు మాత్రం వరసగా ఉండేవి. ఎండ కాస్తే బంగారు రంగు. మబ్బు పడితే గులాబీ. పొద్దు వాలగానే, చీకట్లో మెరిసే తెల్లది. ఎరకు కొట్టుకు వెళ్ళడం ఆమెకు నామోషీ. ఆకులు రాలే కాలంలో పొలాల గట్ల వెంట తిరిగి, పసుపుపూల కలుపుమొక్కల కాడలకు వేసే బుడిపెలు కోసి సంచిలో పోసుకొచ్చేది. ఒక్కో బుడిపెలో ఒక్కో తెల్లపురుగు నిద్రపోతూ ఉంటుంది. వాటిని బయటి వసారాలో చలికి ఉంచాలి. ఒకసారి మిలో, అంటే ఆమె మొగుడు, ఆ సంచిని పొయ్యి పక్కన పెట్టాడు. పండుగ భోజనానికి చుట్టాలు కూర్చునేసరికి ఆ వేడికి పురుగులు ఈగలైపోయి ఇల్లంతా ముసిరాయి. ఆ కథ ఆమె నోట విన్నప్పుడల్లా మిలో టోపీ కళ్ళమీదికి లాక్కునేవాడు.

ఇంకొకటి చెప్పాలి. బుడిపెలోంచి తీసిన పురుగు చలిగాలికి నిమిషాల్లో కొయ్యబారిపోతుంది. కొయ్యబారిన ఎరను క్రాపీ ముట్టదు. అందుకని మాలో పాతవాళ్ళు పురుగును కింది పెదవికీ చిగురుకీ మధ్య పెట్టుకుంటారు. అక్కడ అది వెచ్చగా మెత్తగా ఉంటుంది. మంచు మీద ఎవరైనా మూతి బిగించి "ఊఁ" అంటే కోపమొచ్చిందని మేమనుకోం. పెదవి కింద ఎర ఉందనుకుని వదిలేస్తాం. ఆర్డిస్ చెల్లెలు డార్లాకి మాత్రం ఇది చూస్తే అసహ్యం. "అక్కా, ఆ నోటితో నాకు ముద్దు పెట్టావంటే చంపేస్తా" అనేది.

మిలోకి ఎరుపూ పచ్చా తేడా తెలియదు. పుట్టుకతోనే అంత. కుర్రతనంలో రైల్వేలో చేరబోతే సిగ్నల్ దీపాల పరీక్షలో తప్పాడని పంపేశారు, తర్వాత జీవితమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఆర్డిస్ నాన్నకి ఎరల కొట్టు ఉండేది. అక్కడికి వచ్చి పచ్చ జిగ్గుల పెట్టె పట్టుకుని "ఈ గులాబీవి ఇవ్వండి" అని అడిగాడట. ఆర్డిస్ పడీపడీ నవ్వింది. ఆ ఏడే పెళ్ళి చేసుకున్నారు. అప్పట్నుంచి అతని చొక్కా ఏ రంగో, మాంసం ఉడికిందో లేదో, ఏ జిగ్గు వేయాలో అన్నీ ఆమే చెప్పాలి. చెప్పించుకోవడంలో అతనికి సుఖముండేదని నాకనిపిస్తుంది.

అలాంటి ఆర్డిస్ మతిమరుపులో పడింది. మొదట్లో మాటలు వెతుక్కునేది. తర్వాత ఒక పొద్దున బడి వంటగది తలుపు దగ్గర నిలబడి, పిల్లలకి ఆలస్యమవుతోంది తియ్యండని గొడవ చేసింది. ఈ చలికాలం మొదట్లో, మంచు కురుస్తుండగా, నైటీతో రోడ్డు మీద నడుస్తూ దొరికింది. చూసి బండి ఆపినవాడు మిలో తర్వాత ఆ మంచు తోసే బండి ఉద్యోగంలో చేరినతనే.

డార్లా పట్నంలో వృద్ధుల శరణాలయంలో నర్సు. అక్కడ ఒక గది ఖాళీ అయింది, సోమవారంలోగా మాట చెప్పాలి. ఆ మాట మీద బావా మరదళ్ళు వాదించుకుంటున్నప్పుడు నేను మంచు తొలిచే బర్మా తిరిగివ్వడానికి వెళ్ళి వాళ్ళ వంటింట్లో ఇరుక్కున్నాను.

"ఇల్లు తగలబడేదాకా ఆగుతావా బావా? నిన్న కూడా పొయ్యి అలాగే వదిలేసింది."

"పొయ్యి ఆపడం మర్చిపోయింది నేను."

"నువ్వెప్పుడు వెలిగించావు పొయ్యి? నీకు నీళ్ళు కాచుకోవడం కూడా రాదు."

"నేర్చుకున్నాను."

"బావా, నన్ను చెడ్డదాన్ని చేయకు. అది నా అక్క."

మిలో బల్ల మీద చెయ్యి ఆనించి లేచాడు. "నీకు రోగం కనబడుతోంది గానీ మనిషి కనబడట్లేదు. శనివారం మంచు మీదికి రా. ఆకాశం చూసి రంగు ఎంచుతుందో లేదో, ఎర గుచ్చుతుందో లేదో నీ కళ్ళతో చూడు. చేప తీసిందా, మీ అక్క ఈ ఇంట్లోనే ఉంటుంది. ఇక ఆ గది మాట నా దగ్గర ఎత్తకూడదు."

"తీయకపోతే?"

"తీయకపోతే నువ్వు చెప్పినట్టే."

పక్కగదిలోంచి ఆర్డిస్ కేక వేసింది. "ఎవరి గురించి మీ పోట్లాట?"

"చేపల గురించే ఆర్డీ," అన్నాడు మిలో.

"చేపల గురించైతే నన్నడగాలి గానీ, మీకేం తెలుసని?"

డార్లా గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం మబ్బు దట్టంగా పట్టింది. మిలో నన్ను కూడా పిలిచాడు. "వెండెల్, నువ్వూ ఉండు. రేపు డార్లా మాట మార్చకుండా సాక్షి కావాలి." ఆ గుడిసెలో ఇద్దరికే చోటు. నలుగురం మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. డార్లా మంచి కోటు వేసుకుని బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మిలో మంచులో కన్నం తొలిచి, చిల్లుల గరిటెతో మంచుముక్కలు తీసేశాడు. జిగ్గుల డబ్బా తెచ్చి ఆర్డిస్ ఒళ్ళో పెట్టాడు. ఏ రంగన్నది ఆమెకే వదిలేశాడు.

ఆమె వేలు జిగ్గుల మీద తిరిగింది. ఆగింది, మళ్ళీ తిరిగింది. తల ఎత్తి కిటికీలోంచి ఆకాశం చూసింది.

"గులాబీ," అంది. సన్నటిది ఒకటి పైకి తీసింది.

పాపం మిలోకి అది గులాబీయో కాదో తెలియదు. నా మొహం వైపు చూశాడు. నేను తలూపాను. అతని భుజాలు కిందికి జారాయి.

తర్వాత అంతా చేతులే చేసుకుపోయాయి. చాకుతో బుడిపె చీల్చింది, పురుగు తీసి పెదవి కింద పెట్టుకుంది, జిగ్గు కట్టింది, పురుగు గుచ్చింది, ముడిని నడిమికి తోసింది. తాడు వదిలిన కాసేపటికి తాడుకు కట్టిన బెండు మునగలేదు గానీ, ఒక్క రవ్వ పైకి తేలింది. క్రాపీ ఎర పట్టుకుని పైకి లేస్తే అంతే జరుగుతుంది. కొత్తవాళ్ళు దాన్ని గమనించను కూడా గమనించరు. ఆర్డిస్ మణికట్టు చిన్నగా ఆడించింది. దాని నోరు కాగితమంత పల్చన, గుంజితే చిరుగుతుంది. మెల్లగా, బతిమాలుతున్నట్టు పైకి తెచ్చింది. అరచెయ్యంత వెడల్పున్న చేప మంచు మీద తపతపలాడింది.

"అక్కా!" అంది డార్లా.

"ఏమ్మా మరదలా," అన్నాడు మిలో, "ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు మీవాళ్ళకి."

"సరేలే బావా, ఎగరకు. ఓడిపోయాను." ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే అక్క భుజం మీద తల పెట్టింది.

ఇంకో రెండు మూడు పడ్డాయి. మిలో ఫ్లాస్కులోంచి అందరికీ కాఫీ పోశాడు. నేనతన్ని అంత సంబరంగా చూసి చాలా కాలమైంది. పొద్దు వాలింది, చేపలు ఆగిపోయాయి. ఆర్డిస్ మళ్ళీ కిటికీ వైపు చూసి, "తెల్లది" అని గులాబీదాన్ని తెంపేసింది. చూశావా అన్నట్టు మిలో నా డొక్కలో పొడిచాడు. ఇక ఆమెను కనిపెట్టి చూడాల్సిన పనేముందనుకున్నాం. డార్లా వాళ్ళ నాన్న కొట్టు కబుర్లు మొదలుపెట్టింది. మేమిద్దరం అటే తిరిగి వింటున్నాం.

"చలేస్తోందా ఆర్డీ?" అని మధ్యలో అడిగాడు మిలో.

"ఊఁ."

"ఇంటికెళ్దామా?"

"ఊహూఁ."

"అబ్బో, ఎన్ని పురుగులు దాచావేంటి నోట్లో?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేనైతే గట్టిగా నవ్వాను.

కాసేపటికి మిలో ఆమె గడ్డం చూసి, "కాఫీ కార్చుకున్నావే" అంటూ బొటనవేలితో తుడిచాడు. తుడిచి మళ్ళీ డార్లా కబుర్లలో పడ్డాడు. ఇంకోసారి తుడిచాడు. ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నప్పుడు దీపం వెలుగులో నాకు ఆ వేలు కనబడింది.

"మిలో," అన్నాను, "అది కాఫీ కాదు."

డార్లా ఒక్క ఉదుటున లేచింది. తాడు లాగి చూస్తే చివర ఏమీ లేదు, వట్టి తాడు. పురుగు ఆర్డిస్ బూటు పక్కన మంచు మీద పడి కొయ్యబారి ఉంది. "నోరు తెరువక్కా," అంటే తెరవలేదు, మొహం తిప్పుకుంది. మిలో అడిగితే తెరిచింది. పెదవి లోపల పురుగుకు బదులు తెల్ల జిగ్గు. గాలం వెనకముల్లు దాకా కండలో దిగిపోయింది.

"నేను తీస్తాను," అన్నాడు మిలో.

"వద్దు బావా. రక్తం ఎక్కడుందో నీకు తెలియదు." డార్లా ఆ మాట మెత్తగానే అంది. "తల పట్టుకో, చాలు."

అతను రెండు చేతులతో భార్య తల పట్టుకున్నాడు. డార్లా గాలం మొనను ఇవతలికి పొడిచి, ముల్లు కత్తిరించి, వెనక్కి తీసింది. ఆర్డిస్ అరవలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. నేను అటు చూడలేక గోడ వైపు తిరిగాను. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇంతసేపూ నొప్పని చెప్పొచ్చు కదక్కా!"

"నోరు తెరిస్తే పురుగు చల్లబడిపోతుంది," అంది ఆర్డిస్.

డార్లా ఆ జిగ్గును మిలో అరచేతిలో పెట్టి, అక్క పెదవికి గుడ్డ అదిమింది. ఆర్డిస్ ఆ గుడ్డ మీదుగానే మొగుడి చేతిలోకి వంగి చూసింది. ఆమెకు కోపమొచ్చింది.

"దీని మీద ఎరుపెవరు వేశారు? తెల్లదాన్ని పాడుచేశారు."

మిలో కూడా చూశాడు. అతనికి ఏం కనబడిందో నాకు తెలియదు.

"నేనే ఆర్డీ," అన్నాడు.

"నీకు రంగులు తెలియవుగా. నన్నడగొద్దూ?"

మిలో జిగ్గును చొక్కా జేబులో వేసుకున్నాడు. డార్లాయే, "పందెం లేదు, ఏమీ లేదు. ఇవాళ్టికి ఇది వదిలెయ్ బావా," అంది. అతను విన్నట్టు లేడు. ఆర్డిస్ టోపీ చెవుల మీదికి లాగి, కోటు బొత్తాలు మెడ దాకా పెట్టాడు. చలి తగలకుండా గడ్డం కింద మఫ్లర్ దోపాడు. అంతా అయ్యాక మరదలి వైపు తిరగకుండానే అడిగాడు.

"సోమవారం పొద్దున ఎన్నింటికి తీసుకురమ్మంటావు?"