క్వార్టర్లో ఉండదగిన చుట్టాలు

ఖరగ్‌పూర్‌లో నా చిన్నతనమంతా రైల్వే క్వార్టర్లోనే గడిచింది. మా ఇంట్లో ఎవరికీ రైల్వేలో ఉద్యోగం లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

నాన్న ఒక చిన్న తెలుగు బడిలో మాస్టారు. బడిలో గౌరవం దండిగా ఉండేది, జీతమే ఉండేది కాదు. రైల్వే హద్దు బయట ఝపటాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేక, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మావయ్యగారి క్వార్టర్లో ముందుగదిలో చేరాం. మావయ్య అంటే రక్తసంబంధం కాదు. ఆయన వర్క్‌షాపులో ఫోర్‌మన్, అమ్మ పుట్టిన ఊరి వైపు మనిషి. అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన భార్యను వదినా అనేది, అందుకని నాకు మావయ్యా అత్తా అయ్యారు. ఆ కాలనీలో సగం చుట్టరికాలు ఇలా పిలుపుతో పుట్టినవే. వాటిని రైల్వేవారు మాత్రం ఒప్పుకునేవారు కాదు.

వాళ్ల లెక్కలో క్వార్టర్లో ఉండదగినవారు ఉద్యోగి, అతని భార్యాపిల్లలు, అతనిమీద ఆధారపడిన దగ్గరివాళ్లు. పెరటి చివర అవుట్‌హౌస్‌లో పనిమనిషి ఉండొచ్చు. బయటివాళ్లకు గది ఇచ్చినట్టు తేలితే ఇచ్చినవాడికి క్వార్టరు పోతుంది, ఉద్యోగానికి మచ్చ పడుతుంది. కాబట్టి తనిఖీ వస్తుందని తెలిసిన ఉదయం ట్రాఫిక్ అంతా హడావిడే. ఒక ఇంట్లో రెండు కిరసనాయిలు స్టవ్వులు కనబడితే రెండు కాపురాలని పట్టేస్తారు. అందుకని మా స్టవ్వు మంచం కిందికి పోయేది. అమ్మ మావయ్యకు చెల్లెలయిపోయేది, చూసిపోదామని వచ్చిన చెల్లెలు. వచ్చేవాడు బెంగాలీ దాదా అయితే, 'మేరా బహిన్' అనగానే 'ఠీక్ హై' అని టీ తాగి వెళ్లిపోయేవాడు.

నాకు పదమూడేళ్లప్పుడు తనిఖీకి తెలుగాయన వచ్చాడు. మన చుట్టరికాల లోతు మనవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సంగతి ముందే తెలిసి అత్త అమ్మకు పొద్దున్నే పాఠం చెప్పింది.

"పుట్టింటోరి ఇంటిపేరు అడుగుతాడు వదినా. మా ఇంటిపేరే సెప్పు. మరిసిపోకు."

అమ్మ తలూపింది. నేను కూడా విన్నాను.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని, అత్త ఇచ్చిన టీ తాగాడు. మావయ్య 'మా సెల్లెలు సార్' అన్నాడు. ఆయన అమ్మవైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"మీ పుట్టింటి పేరేటమ్మా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, తన సొంత తండ్రి ఇంటిపేరు చెప్పింది. గుడిలో అర్చనకు చెప్పినట్టు, స్పష్టంగా.

అత్త ముఖంలో నెత్తురు లేదు. ఆయన కప్పు దించాడు. "అన్నది ఒక ఇంటిపేరూ, సెల్లెలిది ఒక ఇంటిపేరూనా?"

మావయ్య చెడ్డవాడు కాదు, ఇప్పటికీ అదే అంటాను. ఆయనకూ ముగ్గురు పిల్లలు. ఇలా అన్నాడు: "సెల్లెలంటే సొంత సెల్లెలు కాదు సార్. పనిమనిసి. అవుట్‌హౌస్‌లో ఉంటాది. మంచిదని అలాగ పిలుస్తాం."

తనిఖీ ఆయన ఖాళీ కప్పు అమ్మ ముందుకు చాపాడు. అమ్మ అందుకుంది. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఆ కప్పు కడిగింది, ఆయన ఇంకా చూస్తున్నాడని అక్కడున్న అంట్లన్నీ ముందేసుకుని బూడిదతో తోమింది. నాకు సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఆవిడ మాస్టారి భార్య అని అరవాలనిపించింది. అరవలేదు సరికదా, ఆవిడ అచ్చం పనిమనిషిలా తోమాలని మనసులో మొక్కుకున్నాను. ఆ మొక్కు తీరింది.

సాయంత్రం బడి నుంచి వచ్చి నాన్న విషయం విన్నాడు. ఆయన కోపమంతా అమ్మమీదకే పోయింది.

"ఒక్క ఇంటిపేరు అబద్ధం సెప్పలేకపోయినావా?"

"మా నాన్న బతికుండగా ఇంకొకలి ఇంటిపేరు ఎలాగ సెప్తాను?" అంది అమ్మ. అబద్ధానికి సిద్ధపడే వచ్చినాను, నోరు తిరగలేదు అంది. నాకు ఆవిడమీద ఒళ్లు మండింది. చెల్లెలు కాని మనిషిని చెల్లెలంటే తప్పు లేదట, తండ్రిని మారిస్తే తప్పట.

చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యాలి కదా. అత్త అవుట్‌హౌస్‌లో దాచుకున్న బొగ్గులూ పాత సైకిలూ బయటికి తీసి, అమ్మా నాన్నా వాళ్ల ఒక్క కూతుర్ని నేనూ అందులోకి మారాం. అమ్మను ఎరిగినవాళ్లు ఎరిగినట్టే ఉన్నారు. ఎరగనివాళ్లు మాత్రం గోడ అవతలినుంచి పిలిచి, మా ఇంట్లో కూడా చేస్తావా అని అడిగేవారు. తనిఖీ ఆయన స్కూటరు చప్పుడు వినబడితే చాలు, అమ్మ చేతిలో పని వదిలి కుళాయి దగ్గర అంట్ల ముందు కూర్చునేది. నాన్న చాక్‌పీసు చేతులు కడుక్కోకుండా లోపలే ఉండిపోయేవాడు.

తొంభైల్లో నాకు రైల్వే ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. నాన్న అప్పటికే పోయాడు. సీనియారిటీలో నా వంతు వచ్చి ట్రాఫిక్‌లోనే క్వార్టరు ఇచ్చారు. డిపెండెంటుగా అమ్మ పేరు నా చేత్తో నేనే రాశాను. అమ్మ కోసం వరండాలో ఒక పేము కుర్చీ కొన్నాను. ఇంక మనం ఎవరికో ఏదో అవుతామని చెప్పుకోనక్కర్లేదు అని చెప్పాను. అమ్మ నవ్వింది.

కొన్నాళ్లకు తనిఖీ వచ్చింది. ఈసారి కుర్రవాడు, తెలుగువాడే. గేటు తీసిన చప్పుడుకు నేను వరండాలోకి వచ్చేసరికి పేము కుర్చీ ఖాళీగా ఉంది. పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడు.

"ఇంట్లో ఇంకెవలుంటారు మేడమ్?"

"మా అమ్మ."

అతను పెరటి గుమ్మం దాకా వెళ్లి చూశాడు. మోచేతుల దాకా బూడిదతో అమ్మ, ముందు కడిగేసిన గిన్నెలే మళ్లీ. అతను నావైపు తిరిగి చూసిన చూపు నాకు బాగా తెలిసిన చూపు. "ఇక్కడ అందరూ అలాగే సెప్తారు మేడమ్" అని, అమ్మనే అడిగాడు.

"ఈ మేడమ్ మీకేటవుతారమ్మా?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. అతనివైపు చూడలేదు. తలెత్తి నన్ను చూసి, మెల్లగా అడిగింది.

"ఏటని సెప్పమంటావే?"