లోడుంటేనే పలికే చప్పుడు

మా ఆయన జయపాల్‌కి లారీ నడిపేటప్పుడు నోరు మూతపడదు. పాటలు, ఎదుటి బండివాడికి దీవెనలు, ఫోనులో నాతో తగువులు, అన్నీ ఒకేసారి. క్లీనరుగా మొదలై సొంత లారీ కొనుక్కున్నాడు, ఆ మాత్రం జోరు ఉంటుంది. అలాంటి మనిషి ఆ వారం అన్నం ముందు కూడా పెదవి విప్పలేదు. ఏమైందని నిలదీస్తే, "బండి కింద ఏదో కొట్టుకుంటోందే," అన్నాడు.

పామర్రులో ధాన్యం ఎత్తుకుని విజయవాడ వెళ్తుంటే, మలుపుల దగ్గర వెనక నుంచి 'కటక్'మంటోందట. సరుకు దించేసి ఆటోనగర్‌లో మెకానిక్ డేనియల్ షెడ్డుకి తీసుకెళ్తే, మహాతల్లి పిల్లిలా ఉంటోందట. డేనియల్ కిందికి దూరి, సుత్తితో తట్టి చూసి, ఏమీ లేదన్నాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే మాట. మూడోసారి, "అన్నా, ఒకసారి చెవులు చూపించుకో," అన్నాడట.

ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వేదాన్నే. కానీ గుణదల మేరీమాత తిరునాళ్ళు ముంచుకొచ్చాయి. ఏటా మా పేట జనాన్ని అక్కడికి తీసుకెళ్ళేది ఆ లారీలోనే. ముసలాళ్ళు, చంటిపిల్లల తల్లులు, మా అమ్మాయి బ్లెస్సీ, అందరూ వెనకే కూర్చుంటారు. ఏ కాలవ పక్కనో ఆ కొట్టుకునేదేదో ఊడిపోతే?

"ఈసారి రానని చెప్పెయ్," అన్నాను.

"ఏమని చెప్పను? మెకానిక్ ఏమీ లేదన్నాడు, నాకు మాత్రం వినపడతందని చెప్పనా? పిచ్చెక్కిందంటారు."

నాకు ఒళ్ళు మండింది. "ఏవయ్యా, లోడున్నప్పుడేగా నీకు వినపడింది? ఖాళీ బండి తీసుకెళ్ళి అతనికేం చూపించావు? కడుపునొప్పి తగ్గాక డాక్టరు దగ్గరికెళ్ళి కూర్చున్నట్టుంది నీ యవ్వారం!"

నిజానికి ఆయన తప్పూ కాదు. లోడుతో షెడ్డుకి ఎవరూ వెళ్ళరు. ముందు సరుకు దించడం, తర్వాతే రిపేరు. ఇన్నేళ్ళ అలవాటు మరి.

తిరునాళ్ళకి బయల్దేరే ముందురోజు డేనియల్‌ని బతిమాలి పామర్రు రప్పించాడు. మిల్లు దగ్గర బస్తాలు నింపి, ఆవరణలోనే లారీని నడక వేగంతో తిప్పుతుంటే, డేనియల్ పక్కనే వంగి నడిచాడు. నేను జపమాల పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. చప్పుడు రావాలని అడగాలో, రాకూడదని అడగాలో తెలియలేదు.

వచ్చింది. కటక్!

"ఆపన్నా, ఆపు!" అని డేనియల్ అరిచాడు. ఎడమ వెనక చక్రం దగ్గర, బండి బరువు మోసే కమాను కట్టలో పెద్ద పట్టీ విరిగి ఉంది. అదీ క్లాంపు కింద, మట్టి కప్పేసిన చోట. బరువు లేనప్పుడు రెండు ముక్కలూ కలిసి బుద్ధిగా ఉంటున్నాయి. బరువు పడితే విడిపోయి కొట్టుకుంటున్నాయి.

"ఇంకో ట్రిప్పు వేస్తే ఇరుసు పక్కకి జరిగిపోయేదన్నా," అంటూ డేనియల్ చెమట తుడుచుకున్నాడు. సాయంత్రానికి కొత్త పట్టీ వేసి, బస్తాలతో మళ్ళీ తిప్పి చూశారు. చప్పుడు లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఊళ్ళో మాట ఆగుతుందా? జయపాల్ లారీకి కమాను విరిగిందంట అని తెల్లారేసరికి పేటంతా పాకింది. చర్చి ముందు లారీ ఆగితే, సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. "బస్సులో పోదాంలే," అని ఎవరో గొణిగారు. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని ముఖం అటు తిప్పుకున్నాడు.

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది, ఏది ఎక్కువో చెప్పలేను. బ్లెస్సీ చెయ్యి పట్టుకుని వెనక ఎక్కి, సరిగ్గా ఆ ఎడమ చక్రం మీదికి వచ్చే చోట చాప పరిచి కూర్చున్నాను.

మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "నువ్వు ముందుకి రావే," అన్నాడు.

"ఏం, నీ రిపేరు మీద నీకే నమ్మకం లేదా?" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

ఆయన తల లోపలికి తీసుకున్నాడు.

మా పేటలో అందరికంటే పెద్దది శౌరమ్మ పిన్ని. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసింది. తర్వాత చంకలో ఉన్న మనవణ్ణి పైకెత్తి నాకందిస్తూ, "వీణ్ణి పట్టుకో అమ్మాయ్, ఎక్కుతా," అంది.