గోంగూరలో ఊసరవెల్లి

పత్తికి ఏటా పురుగు తగిలి విసుగెత్తి, ఆ ఏడు పొదిలి దగ్గర మా చేనంతా మిరప వేశాం. గట్టు వెంబడి గోంగూర. అత్తగారూ నేనూ ఆకు కోస్తుండగా ఊసరవెల్లి కనిపించింది. ఆకేదో అదేదో తెలియనంత పచ్చన. కంటి మీద తోలు కప్పేసి, మధ్యలో చుక్కంత కన్నం. ఒక కన్ను నా మీద, రెండోది ఎదుటి కొమ్మ మీది మిడత మీద. జానెడు దూరంలో ఉన్న ఆ మిడత ఉన్నట్టుండి మాయమైంది. నాలుక బయటికి రావడమే చూశాను, లోపలికి పోవడం చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

నేను చెప్పేలోపే అత్తగారు ఆ కొమ్మను గుప్పిట పట్టి దూశారు. ఆకుతోపాటు అదీ చేతికొచ్చింది. బుస్సుమంది, ఒంటి నిండా నల్లమచ్చలు తేలాయి, ఆమె వేలు కరిచి పట్టుకుంది. విదిలిస్తే గట్టున పడి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఏ తొందరా లేనట్టు కంచెలోకి నడిచిపోయింది.

ఊసరవెల్లి కరిస్తే మందు లేదని మా వైపు గట్టి నమ్మకం. అత్తగారు కూలబడ్డారు. చీర చెంగు చింపి వేలికి కడుతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"నేను పోయేలోగా ఒక మాట ఇనవే. నీ వంట ఆడికి నచ్చదని ఇన్నాళ్లూ చెప్పా గదా, అబద్ధం. కొత్తల్లో నువ్వు పెట్టిన పులుసు తిని రోజూ నిన్నే వండమన్నాడు. నీకే వంటంటే ఇష్టం లేదని ఆడికి చెప్పా."

కరిచింది నన్నేమో అనిపించింది. నా చేతి కూర మా ఆయన నోటికి పట్టదని పెళ్లయిన దగ్గర్నుంచీ కుమిలిపోయాను. పోబోతున్న మనిషి మీద కోపం ఎలా చూపించను? ఏడుస్తూనే రోడ్డెక్కి ఆటో ఆపాను.

పొదిలిలో డాక్టరుగారు వేలు కడిగి కట్టు కట్టారు. "దానికి విషముండదమ్మా. పురుగుల్ని తిని బతికేది. భయపడి కరిచింది, అంతే."

"నిజంగా పోనా?" అని అత్తగారు మళ్లీ మళ్లీ అడిగారు.

తిరుగు ఆటో ఎక్కాం. ఊరు దగ్గరపడ్డాక, నా వైపు చూడకుండా, "బతుకుతానని తెలిస్తే చెప్పేదాన్ని కాదే" అన్నారు.